రాజహంసలు రెండు

మా ఎచ్చెర్లలో నా చిన్ననాట మా తాతగారు నాకు అమరకోశము చెప్పిరి. తెల్లవారుజామున అరుగుమీద కూర్చుండి ఆయన ఒక పాదము చెప్పుటయు, నే నది తిరిగి చెప్పుటయు ఆచారము. అర్థము పిదప చూతము, ముందు నోటికి రావలెనని ఆయన నియమము. ద్వితీయకాండములో సింహాదివర్గమునకు వచ్చినప్పుడు హంసల శ్లోకము వచ్చెను. దానిని తప్పులేక అప్పజెప్పి బెల్లపుముక్క పుచ్చుకొంటిని. ఆ శ్లోకము నాకు వచ్చునని చాల ఏండ్లు అనుకొంటిని. అది నాకు రాలేదని ఒక పడవవాడు తెలియజేసెను. నేటి ప్రసంగమునకు ఆ సంగతియే కారణము.

అమరసింహుడు ఆ చోట చెప్పిన దేమి? హంసలు తెల్లని రెక్కలు గలవి. వానిలో ముక్కును కాళ్ళును ఎర్రనివైనచో రాజహంసలు, అవి మాసిన రంగువైనచో మల్లికాక్షములు, నల్లనివైనచో ధార్తరాష్ట్రములు. తెల్లని పక్షులు మూడు తెగ లున్నవి, వానిని వేరుచేయవలెనన్న ముక్కు చూడుము, కాళ్ళు చూడుము, అని దీని తాత్పర్యము. నిఘంటువు వ్రాసిన పండితుడు పక్షులను చూచిన వేటగానివలె మాటలాడినాడు. మనము పర్యాయపదములను వల్లించితిమి గాని ఆయన చూడుమన్న చోట చూడలేదు.

ఆ రాజహంస యే పక్షి యనుటలో పెద్దలకు ఏకాభిప్రాయము లేదు. తలపై నల్లని చారలుగల బాతుజాతి పక్షి యని కొందరు, పొడవైన కాళ్ళుగల గులాబిరంగు పక్షి యని మరికొందరు చెప్పుదురు. ఆ వివాదమును నేను తీర్చజాలను. హిందీలో రాజహంస యని పిలుచునది ఈ రెండవ పక్షినే. మన పత్రికలును నేడు దానినే రాజహంస యనుచున్నవి. ఇంగ్లీషువారు దీనిని ఫ్లెమింగో యందురు. మన భాషలో దీనికి పూకొంగ యని చక్కని పాతపేరు కలదు, అరవమున పూనారై. పువ్వువంటి రంగుగల కొంగ యని భావము. ఈ ప్రసంగములో నేను పూకొంగ యనియే వాడెదను.

మన శ్రీకాకుళపు సీమలో పూకొంగ పేరు చెప్పగానే పలువురు తేలినీలాపురమును తలచెదరు. నౌపడా ఉప్పుకొఠారులకు దగ్గరనున్న ఆ గ్రామమున గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును చెట్లపై గూళ్ళు కట్టుకొనును. ఇచ్ఛాపురము దాపుననున్న తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు విడియును. అవి వచ్చుట ఊరికి శుభమని తలచి ఆ గ్రామములవారు వానికి హాని చేయరు. పిల్లలను రాళ్ళు విసరనీయరు. ఇది మనము గర్వింపదగిన మర్యాద. అయితే ఆ పక్షులలో పూకొంగ లేదు. ఎర్రకాళ్ళ కొంగకు తోకచెంతనున్న ఈకలు గులాబిరంగుగ నుండుటచేత, దూరమునుండి చూచినవారు దానినే రాజహంస యని భ్రమపడుదురు. దాని ముక్కు పసుపురంగుగ పొడవై, చివర మాత్రము కొంచెము వంగి యుండును. రొమ్మున నల్లని పట్టీ యుండును. అది చెట్టుపై వ్రాలును. పూకొంగ ముక్కు నడుమ విరిచినట్లు క్రిందికి మడత పడి యుండును; దాని వ్రేళ్ళనడుమ బాతునకువలె తోలుపొర యుండును; అది చెట్టెక్కదు. ఉప్పునీటి బురదలో కుండ బోర్లించినట్లు చిన్న మట్టిదిబ్బ కట్టి, దానిపై సాధారణముగ ఒక్క గ్రుడ్డు పెట్టును. కనుక చెట్టుకొమ్మమీద గూటిలో నున్న పక్షి యెంత ఎర్రగ నున్నను అది పూకొంగ కాదు. ఇది మొదటి గుర్తు.

ఇక పడవవాని సంగతి. 1988వ సంవత్సరమున, మాఘమాసములో, నేను ఉపాధ్యాయుడనై యున్నప్పుడు, పదిమంది బాలురను వెంటబెట్టుకొని ఆమదాలవలసలో రైలెక్కి బాలుగాఁవునకు పోయితిని. అచటనుండి చిలక సరస్సు మీదికి పడవ కుదుర్చుకొంటిమి. పడవవాడు ఆ తీరమున తరతరములుగ నున్న తెలుగు పల్లెకారు. మాట మన మాటయే. సరస్సునడుమ నలబణ యను దీవి యున్నది. 1987లో దానిని పక్షులకు రక్షితస్థానముగ ప్రకటించిరి. ఆ దీవిచెంత నిస్సారమైన నీటిలో పూకొంగలు బారులు తీరి నిలిచియుండెను. దూరమునకు గులాబిరేకులు నీటిపై చల్లినట్లుండెను. నాకు తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. బాలురకు అమరశ్లోకము గట్టిగ వినిపించి, ఇవియే రాజహంసలు, చూడుడని చెప్పితిని.

ఆ గుంపునకు ఒక ప్రక్కన కొన్ని పొట్టి పక్షులుండెను. పెద్దవానికి రొమ్ముదాకను రావు. ఒక బాలుడు అవి యేమని యడిగెను. పిల్లలు, అని నేను జవాబు చెప్పితిని. నా చేతిలో దుర్భిణి యుండెను. పడవవాని చేతిలో గెడకర్ర తప్ప మరేమియు లేదు.

అత డనెను: "పిల్లలు కావు పంతులుగారూ. పిల్లయితే బూడిదరంగు ఉంటాది. ఇది సిన్నదే గాని పెద్దదానికన్నా ఎర్రగుంది గదా బాబూ. ముక్కు సూడండి. దాని ముక్కు వేరు, దీని ముక్కు వేరు."

నేను ముక్కు చూడలేదు. నలుగురు బాలుర ముందు ఒక పడవవాడు నన్ను దిద్దుట నాకు చిన్నతనముగ తోచెను. "చేపల సంగతి నీవు చెప్పుము, చదువుసంగతి నేను చెప్పెదను" అంటిని. పిల్లలు నవ్విరి. అతడును నవ్వి ఊరకుండి, గెడ వేసి పడవ మళ్ళించెను. ఊరికి వచ్చిన పిదప నా చిన్న పుస్తకములో "రాజహంసలు, పిల్లలతో సహా" అని వ్రాసికొంటిని. బాలురును తమ పుస్తకములలో అట్లే వ్రాసికొనిరి.

ఆరేండ్ల పిదప ఒక గ్రంథాలయమున సలీం అలీ గారి భారతదేశ పక్షుల పుస్తకము నా చేతబడెను. అది 1941లో మొదట అచ్చయిన గ్రంథము. ఆ తరువాత అనేక పర్యాయములు పెంచబడి వచ్చినది. అందు పూకొంగలు రెండని యున్నది. ఆ రెండవదాని వర్ణన చదువుచుండగా పడవవాని మాట చెవిలో మ్రోగెను. అతడు చెప్పిన ప్రతి గుర్తును అందు కలదు.

ఆ గుర్తులను ఇప్పుడు వరుసగ చెప్పెదను. మొదటిది ఎత్తు. పెద్ద పూకొంగ ప్రపంచములోని పూకొంగ లన్నిటిలో పొడవైనది. నాలుగడుగులనుండి అయిదడుగులదాక, అనగా మన కొలతను ఇంచుమించు మూడు మూరలు నిలుచును. చిన్న పూకొంగ రెండు మూరలకు లోపే. రెండును ప్రక్కప్రక్కన నున్నప్పుడు ఈ గుర్తు పనికివచ్చును. ఒంటిగ నున్న పక్షి యెత్తును దూరమునుండి చెప్పుట కష్టము. నీటి విస్తారములో కన్ను మోసపోవును.

రెండవది మేనిరంగు. పెద్దది తెలుపునకు దగ్గరగ, కొద్ది గులాబిచాయతో నుండును. రెక్క విప్పినప్పుడే దాని ఎరుపును, రెక్క అంచుల నలుపును బయటపడును. చిన్నది చిక్కని గులాబిరంగుగ నుండును. ఈ గుర్తునుకూడ పూర్తిగ నమ్మరాదు. పూకొంగ రంగు పుట్టుకతో వచ్చినది కాదు, తిండివలన వచ్చినది. క్యారట్ దుంపకు ఎరుపు నిచ్చు పదార్థముల జాతివే నీటిలోని నాచులోను, సన్నని రొయ్యలలోను ఉన్నవి. వానిని తినగా తినగా ఈక ఎర్రబారును. జంతుప్రదర్శనశాలలలో ఆ తిండి దొరకనప్పుడు పూకొంగ పాలిపోవును. రెండు జాతులకును పిల్లలు బూడిదరంగువే. ఎరుపు పట్టుటకు కొన్ని యేండ్లు కావలెను. పడవవాడు దీనిని ఎరుగును. పొట్టిగ నుండి ఎర్రగ నున్నది పిల్ల కాజాలదని అతడు తేల్చెను. అది నిష్కర్షయైన తర్కము. మన తర్కశాస్త్రమునందైనను ఇంతకంటె చక్కని హేతువు దొరకదు.

మూడవది ముక్కు. ఇదియే ప్రధానము. పెద్దదాని ముక్కు లేత గులాబిరంగుగ నుండి, చివర మాత్రము నల్లగ, కలమును సిరాబుడ్డిలో ముంచి తీసినట్లుండును. చిన్నదాని ముక్కు ముదురు ఎరుపు, చివర నలుపు, దూరమునుండి చూచిన ముక్కంతయు నల్లగనే కనబడును. దగ్గరగ చూడగలిగిన కన్నుకూడ చెప్పును: పెద్దదానికి కన్ను లేత పసుపు, చిన్నదానికి ఎరుపు. కాళ్ళు మాత్రము రెండింటికిని గులాబిరంగే. కనుక ఇచట కాళ్ళు చూచి లాభము లేదు; అమరుడు చెప్పిన రెండు గుర్తులలో ముక్కొక్కటియే మనకు సాక్షి.

నాలుగవది మేత. పూకొంగ తల తలక్రిందుగ చేసి, ముక్కును నీటిలో పెట్టి, నాలుకతో నీటిని లోనికి లాగి బయటికి వదలును. ముక్కు అంచులలో దువ్వెన పండ్లవంటి సన్నని పొరలున్నవి. నీరు పోవును, తిండి నిలుచును; జల్లెడ పట్టినట్లే. నీరక్షీరన్యాయమునకు ఇదియే మూలమని నేను చెప్పను. కాని నీటిలోనుండి తనకు కావలసినదానిని వేరుచేసికొను పక్షి నిజముగ కలదని మాత్రము చెప్పగలను. పెద్దదాని జల్లెడ ముదుక. తల నీటిలో ముంచి అడుగు బురదను కలచి, చిన్న రొయ్యలను, పురుగులను, గింజలను పట్టును. చిన్నదాని జల్లెడ మిక్కిలి సన్నము. నీటి పైభాగమున ముక్కు ఆడించుచు, కంటికి కానరాని నాచును వడపోసికొనును. రెండును ఒక్కచెరువులో నిలిచియు ఒకదాని కూడు నొకటి కాజేయవు. దూరమునుండి రంగులు తెలియకున్నను, ఏది తలను బురదదాక దించుచున్నది, ఏది నీటిపైననే జాడించుచున్నది యని గమనించిన సగము పని తీరును.

ఇంత స్పష్టముగ నున్న భేదమును పండితులు ఎప్పుడు గుర్తించిరి? 1758లో స్వీడను దేశపు లిన్నేయసు జంతువులకు శాస్త్రనామములు పెట్టుచు పూకొంగ కొక పేరు పెట్టెను. ఎర్రరెక్కలుగలదని గ్రీకుభాషలో దాని యర్థము. అమెరికా ఖండపు పూకొంగను, పాతఖండముల పూకొంగను ఆయన ఆ యొక్క పేరుక్రిందనే చేర్చెను. 1798లో ఫ్రాన్సు దేశపు జాఫ్రాయ్ సెంట్ హిలేర్ చిన్నదానిని వేరుపరచెను. 1811లో పల్లాసు అను పండితుడు మన పెద్ద పూకొంగకు గులాబిరంగుదను పేరు పెట్టెను. దక్షిణ అమెరికాలోని జాతులు 1782, 1854, 1886 సంవత్సరములలో ఒక్కొక్కటిగ వర్ణింపబడెను. నేడు లోకమున పూకొంగలు ఆరు జాతులని లెక్క. ఆండీసు పర్వతములమీది యొక జాతికి మాత్రమే కాళ్ళు పసుపు. చిలీదేశపు జాతికి కాళ్ళు బూడిదరంగుగ నుండి కీళ్ళు మాత్రము ఎర్రగ నుండును. అచట కాళ్ళే సాక్షి. ముక్కును కాళ్ళును చూడుమన్న సూత్రము ఆ దూరదేశపు పక్షులకును సరిపోయినది. 1886లో వర్ణింపబడిన జాతి నశించినదని లోక మనుకొనెను. 1956లో ఆ పర్వతములపై ఒక మారుమూల సరస్సున అది మరల కనబడెను.

మన దేశమున ఈ పనికి ప్రసిద్ధుడు జర్డను అను వైద్యుడు. ఆయన 1836లో మద్రాసునకు వచ్చెను. తొలి యుద్యోగము గంజాములో, జ్వరములతోను విరేచనములతోను బాధపడు సైనికులకు చికిత్స చేయుట. మన శ్రీకాకుళము 1936వరకు గంజాము జిల్లాలోనిదే యని పెద్దలకు తెలియును. చిలక సరస్సు దక్షిణపు టొడ్డును ఆ జిల్లాలోనిదే. కనుక ఆయన పక్షిశాస్త్రమునకు ఓనమాలు దిద్దుకొన్నది మన సీమ తూర్పుకొండలలోనని చెప్పవచ్చును. పిదప నెల్లూరులో వైద్యుడై, అచటి యానాదుల వద్ద ప్రాణుల సంగతులు అడిగి తెలిసికొనెను. 1862 మొదలు 1864 వరకు భారతదేశ పక్షులను గూర్చి గ్రంథము ప్రకటించెను. అందు ఇంగ్లీషు పేర్లతోపాటు దేశభాషల పేర్లను చేర్చెను. ఆ పేర్లు ఎవరివద్ద దొరకును? అడవులలో, కయ్యలలో తిరుగు జనులవద్దనే గదా. దొరగారు యానాదిని అడిగి వ్రాసికొనెను. నేను పల్లెకారు అడుగకయే చెప్పినను వినలేదు. ఈ పోలిక నాకు ఇప్పటికిని ములుకై యున్నది.

తరువాతి కథ సలీం అలీగారిది. కచ్ఛదేశపు ఉప్పుమైదానములో లక్షలకొలది పెద్ద పూకొంగలు మట్టిదిబ్బలు కట్టి పిల్లలను చేయు చోటు కలదు. దానికి పూకొంగల పట్టణమని పేరు. 1945లో ఆయన అచటికి పోయి ఆ వింతను చూచి వ్రాసెను. చిన్న పూకొంగ మన దేశమున కనబడుచున్నదని శాస్త్రజ్ఞులకు తెలియును గాని, అది ఇచట పిల్లలను చేయుచున్నదన్న సంగతిని ఆయన 1974లో ప్రకటించెను. పెద్దదానిని చూచిన ముప్పది యేండ్లకు గాని చిన్నదాని యిల్లు లోకమునకు తెలియలేదు.

రెండును అందమైన పక్షులే, వేరుచేసిన నేమి, చేయకున్న నేమి, అని మీలో ఎవరైన అడుగవచ్చును. దీనికి మన యిండ్లలోని యుదాహరణమే చెప్పెదను. ఒక రైతు తన మందలో ఆవులు, మేకలు కలిపి నలుబది తలలని వ్రాసికొనెను. మరునాటి యేడు లెక్కపెట్టగా నలుబదియే యున్నవి. అతడు సంతసించెను. కాని ఆవులు పది తగ్గి మేకలు పది పెరిగిన సంగతి ఆ లెక్కలో లేదు.

మన తూర్పుతీరమున పెద్ద పూకొంగలు విస్తారముగ దిగును. పులికాటు సరస్సున అవి వేలకొలది విడియుటచేతనే సూళ్ళూరుపేటలో 2001లో పక్షుల పండుగ మొదలైనది. చిన్న పూకొంగ యిటు వచ్చుట తక్కువ. మన దేశమున దాని ప్రధానస్థానము గుజరాతు, రాజస్థానములలోని ఉప్పునీటి పట్లు. లోకము మొత్తముమీద చూచిన చిన్నవే సంఖ్యలో ఎక్కువ. ఆఫ్రికా ఖండపు చౌటిసరస్సులలో అవి లక్షలుగ నున్నవి. అయినను శాస్త్రజ్ఞులు పెద్దదానికి భయము లేదనియు, చిన్నది ఆపదకు చేరువలో నున్నదనియు నిర్ణయించినారు. కారణమేమనగా, అది గ్రుడ్లు పెట్టు చోట్లు లోకమంతటను వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. టాంజానియాలోని నేట్రాన్ సరస్సు వానిలో ముఖ్యము. మన కచ్ఛదేశము వానిలో నొకటి. అట్టి చోటు ఒక్కటి చెడిన ఆ కులమునకు పెద్ద దెబ్బ. నావలె అందరును చిన్నవానిని పెద్దవాని పిల్లలని వ్రాసికొన్నచో, అవి రాకపోయిన యేడు ఆ సంగతియే ఎవరికిని తెలియదు. ఈ యేడు పిల్లలు తక్కువ, అని వ్రాసి ఊరకుందురు.

1987 మొదలు ప్రతి జనవరి మాసమునను ఆసియాఖండమున నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. ఆ లెక్క వ్రాయువారిలో పెక్కుమంది జీతము లేని సామాన్యులు. దానికి పట్టములు అక్కరలేదు. ఓపిక, కన్ను చాలును. మన కుప్పిలి తీరమున వలలు లాగువారు, నౌపడాలో ఉప్పు పండించువారు ప్రతిదినము నీటిపక్షులను చూచుచునే యున్నారు. ఊరిపెద్దలు వారిని పిలిచి, మీరు చూచిన పక్షి ముక్కు ఎట్లున్నదని యడిగిన చాలును. వారు చెప్పుదురు. మనము వ్రాసికొనవలెను. పేరుకూడ మనకు సిద్ధముగనే యున్నది: పెద్ద పూకొంగ, చిన్న పూకొంగ. రాజహంస యన్న బిరుదు వలన పక్షికి గౌరవము వచ్చినది గాని, ఆ బిరుదు చాటున ఒక పక్షి మరుగుపడినది.

పుస్తకము చదివిన మరుసటి మాఘమున నేను మరల బాలుగాఁవునకు పోయితిని. ఆ పడవవాడు కనబడలేదు. రేవులో అడిగితిని, పేరు తెలియని మనిషిని ఎవరు చూపగలరు? అతని పేరు నేను ఆనాడు అడుగలేదు గదా. మరొకని పడవలో నలబణ చేరువకు పోయి, ఈసారి దుర్భిణి ముక్కులమీద నిలిపితిని. పెద్దవాని బారునడుమ ఏడు నల్లని ముక్కులు లెక్కకు వచ్చెను. ఏడును నీటిపైపైననే మేయుచుండెను.

నా చిన్న పుస్తకములో "పిల్లలతో సహా" అన్న మాటను కొట్టివేసి, ప్రక్కన "చిన్న పూకొంగలు, చెప్పినవాడు పడవవాడు" అని వ్రాసితిని. ఆనాటి బాలురు పదిమందిలో చిరునామా దొరికినవారు ఆరుగురు. వారికి కార్డులు వ్రాసితిని. నలుగురు ఎక్కడ నున్నారో నాకు తెలియదు. వారిలో ఎవరైన ఈ ప్రసంగము చదివినచో, తమ పుస్తకమునుకూడ దిద్దుకొందురు గాక.